లేని చెక్క

ఆస్పత్రి మంచం మీద వడ్రంగి గాలిలో మేకులు కొడుతున్నాడు. చేతిలో సుత్తి లేదు, ముందు చెక్క లేదు. ఒళ్ళంతా చెమట.

"ఆఖరిసారి ఎప్పుడు తాగాడమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"అయ్యో, ఆయనకా అలవాటే లేదండీ," అంది భార్య, తల దించుకుని.

"పరువు సంగతి తర్వాత. నిజం చెప్పకపోతే మనిషి దక్కడు."

ఆమె తల ఎత్తింది. "రోజూ తాగేవాడండీ. ఎలాగైనా మాన్పించాలని మూడు రోజులుగా గదిలో పెట్టి తాళం వేశాను. చుక్క ముట్టనివ్వలేదు."

"ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుంది. ఇది జబ్బమ్మా. మాన్పించాల్సిందే, కానీ మా కళ్ళ ముందు, మందులతో." నర్సు సూదిమందు తెచ్చింది.

"బతుకుతాడా అండీ?"

"రెండు రోజులు గడవాలి."

"ఏమే, ఆ కొస పట్టుకో!" వడ్రంగి అరిచాడు.

నిన్నంతా తలుపు వెనక నుంచి ఇదే కేక. నాటకాలనుకుని ఆమె తాళం తీయలేదు. ఇప్పుడు దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోవే. చేతులెందుకలా వణుకుతున్నాయి? తాగొచ్చావా ఏంటి?"