తుప్పు లంగరా, గ్లౌజుల దొరా?

"నవ్వేవాడు విలనేమిటమ్మాయ్! వాడు గుమస్తా!" అంటూ మామయ్య బల్ల మీద ఒక్క చరుపు చరిచేసరికి మంచినీళ్ళ గ్లాసు ఎగిరి కూర్చుంది.

కోడలు మాత్రం తగ్గుతుందా! ఆసుపత్రి ల్యాబులో పొద్దస్తమానం రక్తం శాంపిళ్ళతో కుస్తీ పట్టి వచ్చిన మనిషి, ఆకలి సంగతే మర్చిపోయింది.

"గ్లౌజుల దొర గుమస్తానా? నవ్వుతూ నవ్వుతూనే, ఆ తెల్ల గ్లౌజులకి చుక్క రక్తం అంటకుండా ఏకంగా దీవులకి దీవులే అమ్మేశాడు మామయ్యా! మీ తుప్పు లంగరు ఏం చేశాడు? లంగరు గిరగిరా తిప్పడం, ఓడలు పగలగొట్టడం. ఆ మాత్రం పని తుఫాను కూడా చేస్తుంది."

ఇంతా చేసి గొడవ ఇంటి గురించీ కాదు, వంట గురించీ కాదు. సముద్రపు దొంగల మాంగా గురించి. ఏళ్ళ తరబడి సాగుతూ, ఎనభై భాగాలు దాటినా నిధి జాడ తెలియని జపాను బొమ్మల కథ అది. అందులో విలన్లు కోకొల్లలు. వాళ్ళందరిలోకీ పరమ దుర్మార్గుడు తుప్పు లంగరో, గ్లౌజుల దొరో తేలక మామాకోడళ్ళు కత్తులు దూసుకుంటున్నారు. కొడుకు రెండో షిఫ్టుకి వెళ్ళాడు కాబట్టి సర్దిచెప్పే దిక్కు కూడా లేదు. అత్తయ్యేమో తనకేమీ పట్టనట్టు కూర వడ్డిస్తోంది.

"లంగరు వానలో పసిపాపని చంపకుండా వదిలేశాడు, గుర్తుందా? కాస్తో కూస్తో గుండె ఉన్నవాడు" అంది కోడలు.

"అందుకే వాడు ఘోరం! జాలంటే ఏమిటో తెలుసు. తెలిసీ దాచుకుంటాడు. నీ దొరకి తెలియనే తెలియదు, తెలియనివాణ్ణి ఏమని తిడతాం?"

"లంగరు ముంచిన ఓడలో వాళ్ళకి తమని ముంచిందెవరో అయినా తెలుసు. దొర ముంచిన ఊరివాళ్ళు ఆఖరి నిమిషం దాకా వాడికే దణ్ణాలు పెట్టారు!"

"మరి లంగరు ఓడలో వంటావిడ పారిపోయి నీ దొర పంచన ఎందుకు చేరింది? అక్కడైతే ప్రాణం దక్కుతుందనేగా?"

"వంటావిడ సంగతి ఎవరిక్కావాలి? ఎక్కడ పొయ్యి ఉంటే అక్కడుంటుంది."

అత్తయ్య చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వడ్డనలో పడింది.

"అసలు మీకు కథ చదవడమే రాదు మామయ్యా!" అనేసింది కోడలు.

మామయ్య ఆమెకేసి అదోలా చూశాడు. పళ్ళెంలో సగం అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కోడలు నాలిక్కరుచుకుంది. ఇంట్లోనే గడియారాలు బాగుచేసుకునే మామయ్యకి మాటలు తక్కువ. తను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నోట "ఊఁ", "ఊహూఁ" తప్ప మూడో ముక్క వినలేదు. ఈ పుస్తకాల పుణ్యమా అని ఆయన నోరు విప్పాడు. ఇప్పుడా నోటికి తనే చేజేతులా తాళం వేసింది.

"కొంప ముంచాను అత్తయ్యా!"

"ముందు తిను. చల్లారిపోతోంది."

"ముద్దెలా దిగుతుంది? మీకో నిజం చెప్పనా? నాకు ఈ బొమ్మల పుస్తకాలంటే ముందు నుంచీ పడదు. మామయ్యకి అవంటే ప్రాణమని మీరన్నారనే మొదలెట్టాను. మీరు అటక మీది పెట్టెలోంచి ఒక్కోటీ తీసి ఇస్తుంటే, ఆయనతో మాట్లాడ్డానికి వంక దొరికిందని చదివాను. తర్వాత ఆ దొర పాడుగాను, వదల్లేకపోయాను. ఇప్పుడాయన నాతో మళ్ళీ మాట్లాడకపోతే?"

అత్తయ్య ఏదో అనబోయేలోగా తలుపు ధడాలున తెరుచుకుంది. నుదుటి మీద భూతద్దం, చేతిలో పుస్తకం, పేజీలో గుర్తుగా ఓ పాత వాచీ బెల్టు. మామయ్య గుమ్మంలోంచే కేకేశాడు.

"దొరికింది! నలభయ్యో భాగం! లంగరు పేరు వినగానే గ్లౌజుల్లో నీ దొర వేళ్ళు ఎలా వణుకుతున్నాయో భూతద్దం పెట్టి చూడు! కథ చదవడం ఎవరికి రాదో ఇప్పుడు చెప్పు!"

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "కోపం రాలేదా మామయ్యా? మీకంత ప్రాణమైన పుస్తకాల దగ్గర అంత మాటన్నాను!"

"నాకు ప్రాణమా?" మామయ్య తెల్లబోయాడు. "నీకు ప్రాణమని మీ అత్తయ్య చెబితేనే కదా చదివింది! పిల్ల పెట్టెడు పుస్తకాలు వెంట తెచ్చుకుంది, ఒక్కటైనా చదివి పలకరించండి అని నా బుర్ర తినేసింది. వాటిని కుడి నుంచి ఎడమకి చదవాలని నాకెవరు చెప్పారు? మొదటి భాగమంతా తిరగేసి చదివి, చచ్చినవాళ్ళు లేచి కూర్చుంటున్నారేమిట్రా అని జుట్టు పీక్కున్నాను!"

కోడలికి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే అంది. "నేను తెచ్చుకున్నది రెండు సూట్‌కేసుల బట్టలే మామయ్యా."

"మరి ఆ పెట్టె ఎవరిది?"

ఇద్దరూ ఒక్కసారే అత్తయ్య వైపు తిరిగారు. ఆవిడ తాపీగా గరిటె గిన్నెలో పెట్టింది. మామయ్య వదిలేసిన పళ్ళెం ముందుకి జరిపి, కూర్చోమన్నట్టు కుర్చీ లాగింది.

"ఇద్దరూ తప్పే" అంది. "అసలు విలన్ అరవయ్యో భాగంలో గానీ బయటపడదు. లంగరుకో మాట, దొరకో మాట అల్లి చెప్పి, ఆ ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆ వంటావిడే!"