రొట్టె తుంచడం రాని మనిషి

వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చిన గిన్నెను చూసి యూఫాంగ్ నవ్వింది.

"ఏమయ్యా, ఇది మనిషి తుంచిందా, ఎద్దు తొక్కిందా?"

గిన్నెలో రొట్టె ముక్కలు నిమ్మకాయంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి ఉన్నాయి.

షియాన్ నగరంలో గొర్రె చారు తినేవాళ్లు ఎవరి రొట్టె వాళ్లే తుంచుకోవాలి. శనగబద్దంత ముక్కలు చెయ్యాలి. వండేవాళ్లకు మనిషి కనబడడు, గిన్నే కనబడుతుంది. దాన్నిబట్టే మర్యాద.

"ఎవరో ముసలాయన," అన్నాడు ఆమె భర్త చాంగ్‌షెంగ్, కిటికీలో తల పెట్టి. "టూరిస్టు బస్సులో దిగాడు. మూడు రోజుల్లో ఊరంతా తినేసి పోయే బాపతు. అరగంట నుంచీ ఆ రొట్టెతో కుస్తీ పడుతున్నాడు. మిషన్లో కొట్టిస్తానంటే వద్దన్నాడు."

"సరదా తీరిందిగా. ఇటివ్వు."

చారు పోసి, రొట్టె వేసి, మంట తగ్గించి, ఉడికిందనిపించి పంపేసింది.

ఆమె ధ్యాసంతా పక్క గిన్నె మీద ఉంది. అది తియే తాతది. ఒక్కొక్క ముక్కా శనగబద్దంత.

తియే తాత నలభై ఏళ్లుగా ఇక్కడే తింటున్నాడు. పొయ్యి దగ్గర ఆమె మామగారు ఉన్న రోజుల్లో గిన్నె తుడిచినట్టు ఖాళీ చేసి లేచేవాడు. మామగారు పోయి మూడేళ్లయింది. అప్పటినుంచీ సగం వదిలేస్తున్నాడు. మిగతా పాత గిరాకీ ఎప్పుడో మానేసింది. తియే తాత కూడా మానేసిన రోజున కొట్టును పాల టీ అమ్మేవాళ్లకు ఇచ్చేద్దామని చాంగ్‌షెంగ్ తేల్చి చెప్పాడు.

అవే ఎముకలు. అవే దినుసులు. అదే మూకుడు. రుచి మాత్రం రావడం లేదు.

చారు మరిగాక, తియే తాత తుంచిన రొట్టెను ఆమె మూకుట్లో వెయ్యబోతుంటే గుమ్మంలో ఎవరో దగ్గారు.

పసుపు టోపీ పెట్టుకున్న ముసలాయన. బస్సులో వచ్చినాయనే.

"లోపలికి రాకూడదు తాతా. చారు చాల్లేదా?"

"చాలింది. అమ్మాయ్, నీ మూకుడు మాట్లాడటం లేదు."

"ఏమిటీ?"

"బయటికి వినబడాలి. రొట్టె పడేటప్పుడు మంట పెంచాలి. నువ్వు తగ్గిస్తున్నావు."

"పెంచితే ముక్క చితికిపోతుంది."

"చితకదు. భయపడకుండా పెంచు. గలగలమంటుంది. ఆ గలగల గుసగుసలోకి దిగగానే దించెయ్."

యూఫాంగ్‌కు ఒళ్లు మండింది. ఈ మూడేళ్లలో ఆమెకు సలహా చెప్పనివాళ్లు ఆ వీధిలో లేరు.

"ముందు రొట్టె తుంచడం నేర్చుకుని రా తాతా. తర్వాత నాకు వంట నేర్పుదువుగాని."

ముసలాయన తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"అదీ నిజమే. నాకు చేతకాలేదు."

బయట బస్సు హారన్ కొట్టింది. ఆయన పొయ్యి వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

"చూద్దాం ఈయన గొప్ప," అని గొణుక్కుంటూ ఆమె మంట పెంచేసింది.

మూకుడు గలగలమంది. అయినా మంట తగ్గించలేదు. కాసేపటికి ఆ చప్పుడు దానంతటదే సన్నగిల్లి, చెవిలో చెప్పినట్టు వినబడింది. దించేసింది.

గిన్నె వెళ్లింది.

కిటికీ దగ్గరికి వెళ్లి చూడాలంటే ఆమెకు భయం వేసింది.

చాంగ్‌షెంగ్ ఖాళీ గిన్నె తెచ్చి కిటికీలో పెట్టాడు.

వెనకనుంచి తియే తాత గొంతు వినబడింది. "లోపలెవరు? పోయిన ముసలోడు గానీ లేచొచ్చాడా? ఇంకో రొట్టె ఇవ్వండ్రా, తుంచుకుంటా."

యూఫాంగ్ చేతులు తుడుచుకోకుండానే వీధిలోకి పరిగెత్తింది. నగర ద్వారం దాకా వెళ్లింది. బస్సు లేదు.

ఎప్పుడూ ఆ కొట్టుకు టూరిస్టులను తెచ్చే గైడు పిల్ల షావో సాయంత్రానికి గానీ ఫోన్ ఎత్తలేదు.

"ఆ పసుపు టోపీ తాతా? ఇప్పుడే రైలెక్కించానక్కా. ఏం, ఏమన్నా మర్చిపోయారా?"

"లేదు. నేనే నోరు జారాను. మళ్లీ ఎప్పుడు వచ్చినా రొట్టె నేనే తుంచి పెడతానని చెప్పు. అంత పెద్ద వంటవాడని తెలియలేదు. ఏ హోటల్లో చేసేవారట?"

"వంటా? ఆయన ఎన్నడూ గరిటె పట్టలేదట. పడుచువయసులో మీ మామగారి పొయ్యి వెనక, నేల మీద కూర్చుని, పన్నెండేళ్లు మంటకు గాలితిత్తి లాగారట. మీ కొట్లో బల్ల ముందు కూర్చుని తినడం మాత్రం ఇవాళే మొదటిసారని బస్సు దిగేదాకా చెబుతూనే ఉన్నారు."