తోక పట్టని అట్ట

"ఇది డ్రాగనా, గడ్డం పెంచిన మేకా?" అంది ఆఫీసు స్నేహితురాలు సాయిసుధ, పుస్తకం అట్టబొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "యువరాణి మోకాళ్ళు లెక్కపెట్టావా? మూడున్నాయి."

అమూల్య లెక్కపెట్టింది. మూడే. భవానీపూర్ ఆఫీసు క్యాంటీన్లో ఆమె ముందున్న టీ చల్లారిపోయింది. నాలుగేళ్ళు కూర్చుని రాసుకున్న మాయలోకపు నవల, తన మొదటి పుస్తకం. బుక్ ఫెయిర్ ఇంకో వారంలో ఉంది. ఇరవై పుస్తకాలు ఒక్కసారే మీద పడి ఊపిరాడని ప్రెస్సువాళ్ళు, వేసినవాళ్ళ పేరైనా లేని ఈ బొమ్మను పొద్దున్నే కవర్లో పెట్టి పంపారు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలట.

"వద్దని చెప్పెయ్. జనం నవ్వుతారు."

"సూరన్నగారితో ఎలా చెప్పనే? ముప్పయ్యేళ్ళు రైలుపెట్టెలకు రంగులేసిన మనిషి. అట్టబొమ్మ వెయ్యమంటే, ఇన్నాళ్ళకు పెట్టె కానిదొకటి వేస్తానని ఎంత మురిసిపోయారో."

అయినా చెప్పాలనే గుండె రాయి చేసుకుని టికియాపారాలోని ఆయన ఇంటికి వెళ్ళింది. లోపల కాలుపెట్టే చోటు లేదంటూ సూరన్న ఆమెను వరండాలోనే కూర్చోబెట్టాడు. అమూల్య బొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"దీని గురించే వచ్చానండీ."

సూరన్న కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఆయన మొహం కాస్త వాడింది. ఇంకా ఏమీ అనకముందే కనిపెట్టేశాడేమోనని అమూల్య ప్రాణం చివుక్కుమంది.

"శానా కట్టమమ్మా, ఇలాటి బొమ్మెయ్యడం," అన్నాడు చివరికి.

"మోకాలు ఒకటి ఎక్కువైందేమోనని..."

"పరిగెడతంది గదా పాపా. ఒకటెక్కువుంటే మంచిదే."

"తోక అట్టలో పట్టనే లేదు."

"పెద్ద బండయితే పేట్‌ఫారం దాటి పోదేటి? ఇదీ అంతే."

మేక గడ్డానికీ ఆయన దగ్గర జవాబుంది. సొంతబిడ్డను వెనకేసుకొచ్చినట్టు ఒక్క వంకనూ నిలబడనివ్వలేదు. జనం నవ్వితే నవ్వుకోనీ, ఈ పెద్దాయన మనసు విరిచి తెచ్చుకున్న అందం తన పుస్తకానికి అక్కర్లేదనుకుంది అమూల్య. ఆయన ఎదుటే ప్రెస్సులోని యోగేశ్‌కు ఫోన్ చేసింది.

"పొద్దున పంపిన బొమ్మే ఖాయం. అచ్చు మొదలుపెట్టండి."

"ఠిక్ ఆఛే దీదీ. ఇప్పుడే మెషినెక్కిస్తున్నాం."

ఫోన్ పెట్టేసరికి ఆమె గుండె తేలికపడింది. "మీకు సంతోషమేనా?" అని అడిగింది.

"సంతోసమే పాపా. పుస్తకం నీది, నీకు నచ్చిందే ఉండాల." సూరన్న బొమ్మను పదిలంగా కవర్లో పెట్టి ఆమెకిచ్చాడు.

"నానేసిన బొమ్మయితే లోపల ఇంకా ఆరనేదు."