పది రెక్క ముక్కలు

మనిషి కంటే ముందు కంపు వచ్చింది.

యాదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తన చేపల చెరువు గట్టెక్కింది.

ఎవడో ముసలాయన గొంతుక్కూచుని, చచ్చి తేలిన చేప పొట్ట చీరి, పేగును వేళ్లతో పిండి వాసన చూస్తున్నాడు.



"ఏయ్, ఎవరు నువ్వు? గిదేం పని?"

"తవుడే తిన్నది తల్లీ! కోడి పేగులు కాదు," అన్నాడాయన సంబరంగా, ఆ పేగును ఆమె ముందుకు చాపి.

"థూ! అవుతల పారెయ్!"

యాదమ్మకు అసలే మనసు బాగాలేదు. నాలుగు రోజుల కింద గేటుకు నోటీసు అంటించి పోయారు. ఇవి 'మార్పు' అనే నాటు మీసాల చేపలు కావట. సర్కారు వద్దన్న ఆఫ్రికా రకమట. గురువారం జేసీబీతో గుంత తీసి అన్నిటినీ పూడ్చేస్తారట.

ఆఫ్రికా రకం పెంచేవాళ్లు వాటికి కోడి పేగులు, కుళ్లిన మాంసం వేస్తారు. ఆ చెరువుల పక్కన అన్నం ముద్ద నోట్లోకి పోదు. యాదమ్మ మాత్రం మిర్యాలగూడ మిల్లుల తవుడు తప్ప మూడేళ్లలో ఇంకోటి వేసి ఎరగదు. కానీ రెండు రకాలకూ అవే మీసాలు, అదే నలుపు, అదే జిగట. ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ఇప్పుడు ఈ ముసలాయన ఒంటి నిండా ఆ కోడి పేగుల కంపే.

"ఏడికెళ్లి వస్తున్నవ్?"

"కోదాడ వైపు చెరువుల నుంచి. ఇదిగో, ఇవి ఆఫ్రికావి." రేకు డబ్బా తెరిచాడు. చిన్న చిన్న సీసాల్లో చేప ముక్కలు. "మీ చేపలవి పది రెక్క ముక్కలు ఇయ్యమ్మా. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. డీఎన్ఏలో తేడా దొరుకుతుంది. బుధవారానికి కాగితం తెస్తా. కాగితం ఉంటే జేసీబీ రాదు."

యాదమ్మ చూపు ఆ సీసాలు దాటి పోలేదు. వద్దన్న చేపను తెచ్చి తన గట్టు మీదే పెట్టాడు! ఇప్పుడు ఎవరైనా వచ్చి చూస్తే ఇంకేమన్నా ఉందా?

"నువ్వు ఆఫీసరువా?"

"కాదమ్మా."

"మరి నీకేం పని? మమ్ముల ఇరికియ్యనీకె వచ్చినవా? ఒక్క పొలుసు గూడ ఇయ్య, పో!"

"ఈ చేపకు పొలుసే ఉండదమ్మా," అని నవ్వాడాయన.

ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది. పక్కనున్న బురద బకెట్ ఎత్తి ఆయన మొహాన గుమ్మరించింది. సీసాలు దొర్లి నీళ్లలో పడ్డాయి.

ఆయన చొక్కాతో మొహం తుడుచుకుని రోడ్డెక్కాడు. ఆ కంపుకు షేర్ ఆటోవాడు ఎక్కించుకోలేదు. నేరేడుచర్ల దాకా నడిచే పోయాడు.

పీడ విరగడైందనుకుంది యాదమ్మ.

గురువారం జేసీబీ వచ్చింది.

మార్పు చేప నీళ్లు లేకున్నా గాలి పీల్చుకుని బతుకుతుంది. పైన మన్ను, సున్నం పోసినా మధ్యాహ్నం దాకా గుంత కదులుతూనే ఉంది.

"సూడకు, ఇంట్లకు పా," అన్నాడు ఆమె భర్త ఐలన్న. ఆమె కదల్లేదు.

శనివారం పొద్దున పోయి చూస్తే గుంత తవ్వి ఉంది. అందులో ఆ ముసలాయన! నడుం లోతు మంటిలో నిలబడి, ఉత్త చేతులతో కుళ్లిన చేపలను పైకి తీస్తున్నాడు. మొహం నిండా ఈగలు.



"కుక్కలు గూడ ముట్టనియ్యి, మనిషి ముడ్తడా!" అంటూ యాదమ్మ మట్టిపెడ్డ విసిరింది.

పెడ్డ భుజానికి తగిలింది. ఆయన తల ఎత్తలేదు. ఒక్కో చేప నుంచి ఒక్కో ముక్క కోసుకుని, పది లెక్కపెట్టుకుని, గుంతను మళ్లీ పూడ్చి మరీ పోయాడు.

ఇరవై రోజులకు, దగ్గరుండి చేపలను పూడ్పించిన చేపల ఆఫీసు రజని మేడమే ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"నీయి నాటు చేపలే యాదమ్మా. పదికి పది. ఒక్క దాంట్ల గూడ కలగలుపు లేదు. తప్పు మాదే. మళ్ల పిల్లలు ఏసుకో, ఎవ్వరూ అడ్డం రారు."

"ఏడికెళ్లి తేవాలె మేడమ్? ఈ చుట్టుపక్కల నాటు మార్పు నా చెర్లనే ఉండె."

యాదమ్మ ఆ కాగితం వైపు చూసింది.

"పరీక్ష ఎవరు చేపిచ్చిండ్రు?"

"తిరుపతయ్య సార్. గుంతల తీసిన కుళ్లిన ముక్కలని గిన్ని రోజులు పట్టింది. సున్నానికి రెండు చేతులూ బొబ్బలెక్కినయ్. దవాఖానల ఉన్నడు."

బురద బకెట్ ఎత్తిన తన చేతులను చూస్తే యాదమ్మకే అసహ్యం వేసింది.

"ఛీ, నా బతుకు! ఆ రోజు పది ముక్కలిస్తే అయిపోతుండె. మరి ఆఫీసరును కాదన్నడు?"

"ఇప్పుడు కాదు. నౌకరి ఇడిసి నాలుగేండ్లయింది."

"ఇడిసినంక గూడ గీ రోత పని ఎందుకు మేడమ్ ఆయనకు?"

రజని కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"మాడుగులపల్లి కాడ గిట్లనే ఒక చెరువు పూడ్చినం. అవి గూడ నాటు చేపలే అని పూడ్చినంక తెలిసింది. చెరువాయన ఆ గుంత పక్కనే మందు తాగి పానం తీసుకున్నడు," అంది. "ఆ ఆర్డర్ మీద సంతకం తిరుపతయ్య సార్‌దే."