టెర్కో

“మెడలో ఉండే పలుపుతోనే తోలుకపో మారప్పా. తాడులో లక్ష్మి ఉండదు” అన్నాడు పురుషోత్తం పెరట్లో.

పుంగనూరులోని ఆ ఇంటి గదిలో, విరిగి కట్టు వేసిన కాలు చాపుకొని మంచం మీదున్న రత్నమ్మకు భర్త మాట కిటికీలోంచి వచ్చి తగిలింది. ఆవును అమ్మినా పలుపు అమ్మకూడదు. కొన్నవాడే కొత్తది తెచ్చుకోవాలి. గౌరిని సాకే ఓపిక ఇక ఇంట్లో ఎవరికీ లేదని ఆమె అమ్మకానికి ఒప్పుకుంది. అడిగింది పలుపొక్కటే. తన పాత చీరలు చించి తానే పేనిన పలుపది.

“అమ్మినోళ్లు పలుపు ఇడుస్తారా సారూ? మా రామకుప్పంలో నవ్వుతారు. నేను కొత్తది తెచ్చుకోనుండాను.”

“ఇంకో గొడ్డుకు కట్టుకో. సైన్సు చెప్పిన అయివారికి ఈ కథలు చెప్పొద్దు.”

“టెర్కో” అంది మంచం పక్కన కీర్తి. అంగళ్లు ఊరి కాలేజీలో చదివే ఈ మనవరాలు ఫోనులో స్పానిష్ నేర్చుకుంటోంది.

“అంటే?”

“మొండోడు అవ్వా. ఎంత చెప్పినా ఇననోళ్లను అట్లంటారు. అడ్డం తిరిగిన గాడిదను గూడా.”

“గాడిద మేలు. అదిలిస్తే కదులుతాది.”

కీర్తి నవ్వింది. “ఇంట్లోవాళ్లనైతే ముద్దుగా గూడా అంటారంట. అంతా గొంతును బట్టే.”

“ముద్దుకు ఈ పొద్దు ముహూర్తం బాగలేదులే.”

బయట బండి కదిలింది. గౌరి ఒక్కసారి అరిచింది. రత్నమ్మ గోడవైపు ముఖం తిప్పుకుంది.

కాసేపటికి పురుషోత్తం తువ్వాలు చుట్టిన మూట ఒకటి తెచ్చి ఆమె మడమ కింద పెట్టాడు.

“కాలు ఎత్తులో ఉంటే వాపు తీస్తాది. డాక్టరు చెప్పినాడు.”

“నాకేం వద్దు.”

“ఉండనీ. ఇది సైన్సు.”

“టెర్కో” అంది ఆమె పళ్లు బిగించి.

“అదేం మాట?”

“మీ మనవరాలినే అడగండి.”

అతడు పనేదో ఉన్నట్టు ఖాళీ కొట్టం వైపు వెళ్లిపోయాడు.

రత్నమ్మ కష్టం మీద వంగి, విసిరేద్దామని ఆ మూటను లాగింది. తువ్వాలు మడత జారింది. లోపల తన చీరల రంగులతో, గౌరి మెడ వాసనతో, చుట్టచుట్టిన పాత పలుపు. మారప్ప తోలుకుపోయిన ఆవు మెడలో ఉన్నది అతడు తెచ్చుకున్న కొత్తదేనన్నమాట.

ఆమె చాలాసేపు దానిని ఒళ్లోనే ఉంచుకుంది.

“కీర్తీ” అంది చివరికి, “ఆ మాటను ముద్దుగా ఎట్లంటారో సెప్పు.”