తొమ్మిదో రీలు

"నిజం చెప్పు ఆదెన్నా. రీళ్లు తారుమారు చేసింది నువ్వేనా?"

కొత్తచెరువు టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ గది తలుపు మూసి మరీ నిలదీశాడు జయరాం. అతని చేతిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది.

ఆపరేటర్ ఆదెన్న రీలు చుట్టడం ఆపలేదు. "నేనెందుకు చేస్తా సార్? డబ్బాల మీద నంబర్లు చెరిగిపోయి ఉండాయి. పొరపాటయినట్టుంది."

జయరాం తొమ్మిదేళ్లుగా అనంతపురం వారపత్రికలో సమీక్షలు రాస్తున్నాడు. పెద్ద సినిమాల జోలికి పోడు. ఎవరూ చూడని సినిమాలు, ఎవరూ కొనని పాటల క్యాసెట్లు ఏరుకొచ్చి రాస్తాడు. అతను బాగుందంటే కాలేజీ పిల్లలు బస్సెక్కి వెళ్లి చూస్తారు. జయరాం అబద్ధం రాయడని పేరు. ఆ పేరు తప్ప అతను సంపాదించింది కూడా ఏమీ లేదు పాపం.

పోయిన నెల ఈ టాకీసులో చూసిన ఒక సినిమాను ఆకాశానికెత్తాడు. రైతును ముందే చంపేసి, ఆ తర్వాత అతని బతుకు చూపించి, వానతో ముగించే ధైర్యం తెలుగులో ఇంకెవరికుందని రాశాడు. అన్నిచోట్లా రెండ్రోజుల్లో ఎత్తేసిన సినిమా ఇక్కడ నాలుగో వారం ఆడుతోంది.

"డైరెక్టర్ ఏం రాసినాడో విను" అంటూ ఉత్తరం చదివాడు జయరాం. "'నా సినిమాలో వాన మధ్యలో వస్తుంది. చివర్లో రైతు ప్రాణం తీసుకుంటాడు. మీరు చూసింది నా సినిమా కాదు. వచ్చే సంచికలో సంజాయిషీ ఇవ్వకపోతే అన్ని పత్రికలకూ రాస్తాను.' నా పరువు గంగలో కలిసిందప్పా!"

"ఆపరేటర్ పొరపాటని రాసేయండి సార్."

"పొరపాటైతే 'శుభం' కూడా రైతు పోయినప్పుడే పడాల కదా? వాన అయినాక పడతాండాది. దాన్ని కత్తిరించి ఈడ అతికించింది ఎవరు?"

ఆదెన్న చెయ్యి ఆగిపోయింది.

"నేనే సార్. వానొచ్చే తొమ్మిదో రీలు తీసి ఆఖర్న పెట్టినా. ఓనరుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. ఈ వయసులో యాడికి పోయేది?"

"మరెందుకు చేసినావు?"

"మొదటి ఆట సక్రమంగానే వేసినా సార్. ఆ రైతు నిద్రపోయినట్టు కండ్లు మూస్తాడు, పైన శుభం అని పడతాది. జనమంతా పోయినారు. మావూరి ఎర్రన్న ఒక్కడే బెంచీ మీద కూచోనుండాడు. మూడేండ్లుగా ఆయనకు శెనక్కాయ పంట చేతికి రాలేదు. లెయ్యన్నా అంటే నన్ను అడిగినాడు. 'ఆదెన్నా, పానం అంత సులువుగా పోతాదా?' అని."

"తర్వాత ఏం చేసినావు?" అని అడిగాడు జయరాం.

"ఇంటి దాకా తోడు పోయినా. మర్నాడు రీళ్లు మార్చి, మళ్లీ నేనే పిలుచుకొచ్చి చూపించినా. వాన పడతావుంటే ఈలేసినాడు సార్!"

"ఇప్పుడు ఎట్లుండాడు?"

"విత్తనాల కోసం తిరుగుతాండాడు."

జయరాం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. "సంజాయిషీ ఇయ్యక తప్పదు ఆదెన్నా" అని మాత్రం అని మెట్లు దిగాడు. తన ఉద్యోగం ఊడినట్టేనని ఆదెన్నకు అర్థమైంది.

ఆదివారం టీ అంగట్లో ఆదెన్న భయంభయంగా పత్రిక తిప్పాడు. మూడో పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి వేశారు:

"రీళ్లు మార్పించింది నేనే. దర్శకుడే మార్చమన్నాడని అబద్ధం చెప్పి ఆపరేటర్‌ను నమ్మించాను. ఇకమీదట ఈ పత్రికలో సమీక్షలు రాయను. పాఠకులు మన్నించాలి. - జయరాం."