ఉన్ని మేజోళ్లు

కాలు నల్లబడేదాకా చూసుకోకపోవడం నర్సు తప్పే. ఇందులో ఆయనకి అనుమానం లేదు.

భార్య గుండెకి సాయంగా తొడ రక్తనాళంలోంచి చిన్న పంపు అమర్చారు. ఆ గొట్టం అడ్డుపడి పాదానికి రక్తం అందకుండా పోయింది.

“గంటకోసారి పాదం పట్టుకుని చూడమన్నారు కదా! ఏం గడ్డి పీకుతున్నావు?” అని నర్సు మీద విరుచుకుపడ్డాడు.

“చూద్దామనే వచ్చాను బాబాయ్‌గారూ. ఇప్పుడే కన్నంటుకుంది, లేపొద్దని మీరే పంపేశారు. ఆ ఉన్ని మేజోళ్లు తొడిగింది కూడా మీరే.”

“నేనా? అబద్ధం!”

డాక్టరు కాలు వైపే చూస్తున్నాడు. “పంపు తీస్తే గుండె ఆగుతుంది. ఉంచితే కాలు పోతుంది. పొద్దున్నే తెలిసుంటే ఇంకో గొట్టం వేసి కాలికి రక్తం మళ్లించేవాళ్లం.”

మంచం మీంచి సన్నని గొంతు వినిపించింది. “ఆయన్నేమీ అనకండి. చలేస్తోందని మేజోళ్లు నేనే తొడగమన్నాను. ఈ నర్సమ్మాయిని పొమ్మన్నదీ నేనే.”

ఆమె ఏమీ అడగలేదు. పాదం చల్లగా తగిలితే చలేమోననుకుని ఆయనే తొడిగాడు. నర్సుని పంపేసినప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఉంది. అంటే నిద్రపోలేదు. అంతా విన్నది.

 

కాలు తీసేశారు. అయినా మర్నాడే ఆమె పోయింది.

వారం తర్వాత కూతురు అడిగింది. “నాన్నా, నర్సుని అమ్మే పొమ్మందా?”

“అందిగా. మీ అమ్మ అబద్ధమాడుతుందా? ఇంకోసారి ఈ ఊసెత్తితే నా గడప తొక్కకు.”